పత్రి సేకరణ: ప్రకృతి విద్యలో ఒక నైతిక ప్రశ్న

పిల్లలకు ప్రకృతిని పరిచయం చేయడం పెద్దల బాధ్యత అనే విషయంలో భిన్నాభిప్రాయం దాదాపు లేదు. పుస్తకం కంటే ముందు వస్తువులే బాలునికి గురువులు కావాలని రూసో 1762లో ‘ఎమీల్’ గ్రంథంలో వాదించాడు. రవీంద్రుడు 1901లో శాంతినికేతనంలో పాఠశాల స్థాపించి చెట్ల నీడన తరగతులు నడిపాడు. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా బోధించాలన్న వాదాన్ని 1991లో ఎం.సి. మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆమోదించింది. అయితే ‘పరిచయం’ అంటే ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. చెట్టును గురించి తెలియడం వేరు, చెట్టు తెలియడం వేరు. తెలుగు కుటుంబాలకు చిరపరిచితమైన వినాయక చవితి పత్రి సేకరణలో ఈ భేదం స్పష్టంగా కనిపిస్తుంది.

భాద్రపద శుద్ధ చవితి నాటికి వానలు పడి గట్లు పచ్చబడతాయి. పూజకు కావలసిన 21 రకాల పత్రిలో మామిడి, దానిమ్మ, తులసి పెరట్లోనే దొరకవచ్చు. ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు, జిల్లేడు, వావిలి కావాలంటే చేనిగట్టుకో బీడుకో పోవాలి. వ్రతకల్పం చేతిలో ఉన్నంత మాత్రాన ఆకు దొరకదు. అందులో అపామార్గమని ఉన్నది, నడిచేవారి బట్టలకు గింజలు అంటించే ఉత్తరేణే అని చెప్పడానికి అవ్వో తాతో వెంట ఉండాలి. సింధువారం వావిలి అవుతుంది. అర్కం జిల్లేడు అవుతుంది. సంస్కృత నామానికీ తెలుగు పేరుకూ మధ్య ఉన్న దూరాన్ని పిల్లలు నడిచి దాటుతారు. పనిలో పనిగా జిల్లేడు పాలు కంట పడకూడదనీ, ఉమ్మెత్త కాయ నోట పెట్టకూడదనీ తెలుస్తుంది. ప్రకృతిని కేవలం సౌందర్యంగా చూపే విహారయాత్రల్లో ఈ జాగ్రత్తకు చోటుండదు.

పూజ పేరిట ఆకులు కోయడం హింస కాదా అనే ఆక్షేపణ ఉంది. గుప్పెడు గరిక కోస్తే మళ్లీ మొలుస్తుంది. మారేడు, జమ్మి కొమ్మలను విరిచి బండ్లకెత్తడం మాత్రం అలాంటిది కాదు. నడిచి వెళ్లినవారు చేతికి పట్టినంతే తెస్తారు. బజారుకు ఆ హద్దు లేదు.

నగరంలో పత్రి కట్టలుగా అమ్ముడవుతుంది. కొన్నవారికి అందులో ఏది ఏ ఆకో తెలియకపోవడం విచారకరమే గాని, అసలు చిక్కు అది కాదు. ఆ కట్ట కట్టిన చేతులకు ప్రతి ఆకూ తెలుసు. వాటిలో పిల్లల చేతులూ ఉంటాయి. రుసుము చెల్లించి ప్రకృతి శిబిరానికి వెళ్లే బాలుడు ఉత్తరేణిని గుర్తిస్తే అది విద్య. చవితి ముందురోజు పత్రి కోసి తెచ్చిన బాలిక దాన్ని గుర్తిస్తే, హాజరుపట్టీలో మిగిలేది ఒక గైర్హాజరు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2009 నాటి చట్టం ఇచ్చిన విద్యాహక్కు ఆమెకూ ఉంది కనుక, ఆ శ్రమను కీర్తించి ఆమెను గట్టు మీదే ఉంచడం అన్యాయం. కాని ఆమె ఎరిగినదాన్ని బడి విద్యగా లెక్కించకపోవడాన్ని ఏ చట్టమూ సమర్థించదు. తరగతిని గట్టుకు తీసుకుపోయే రోజున ముందు నడవవలసినది ఆమె, ఆమె తల్లి. ఉపాధ్యాయుడు వెనుక నడిచి రాసుకోవచ్చు. పత్రి జాబితాలో దేవదారు కూడా ఉంది. అది హిమాలయ వృక్షం, తెలుగు మైదానాల్లో పెరగదు. దాని బదులు కట్టలో ఏ ఆకు చేరిందో ఆ తల్లినే అడగాలి.