ఆకాశంలో అతిథి

పరదేశం వెళ్ళే ప్రయాణికుడు డ్రోన్‌ను వెంట తీసికొనిపోతే పాటించవలసిన నియమాలేమిటి? మొదట చూచినప్పుడు ఇది మన పత్రికలో చర్చించదగిన ప్రశ్నగా కనిపించదు. అది సుంకపు అధికారులకూ విమానయాన శాఖకూ సంబంధించిన విషయమనీ, సాహిత్యంతోగాని నీతితోగాని దానికి పని లేదనీ అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకొన్నాను. గడచిన నవంబరులో హుకుంపేట మండలంలో ఒక గెడ్డ ఒడ్డున జరిగిన చిన్న సంఘటన తరువాత ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది.

మా మేనమామ కొడుక్కి అమెరికాలో ఉద్యోగం. చట్టమంటే భయభక్తులున్నవాడు. మన దేశంలోకి విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించారని తెలిసికొని, తన యంత్రాన్ని అక్కడే వదలి వచ్చాడు. విశాఖపట్నంలో ఒక స్నేహితుని వద్ద ఇక్కడిదే ఒకటి ఎరువు తీసికొన్నాడు. దాని బరువు 250 గ్రాములలోపు గనక నడిపేవానికి ధ్రువపత్రం అక్కరలేదు. ప్రభుత్వం ప్రకటించిన పటం చూచి, మేము నిలబడబోయే చోటు ఎరుపులోగాని పసుపులోగాని లేదని రూఢి చేసికొన్నాడు. 400 అడుగుల ఎత్తు దాటనని నాకు మాట కూడ ఇచ్చాడు.

వెంట నా విద్యార్థులు నలుగురు. వారిలో ఒక అమ్మాయిది ఆ మండలమే. పాడేరునుండి అరకు పోయే దారిలో వలిసెలు పూచి, కొండవాలులు పసుపుపచ్చగా ఉన్నాయి. వలిసె చేలోకి దిగి ఫొటోలు తీసికొనే వారివద్ద రైతు కొద్దిపాటి రుసుము పుచ్చుకోవడం ఆ ప్రాంతంలో కొన్నేళ్ళుగా అలవాటైంది. చేను తొక్కితే నష్టం అతనిదే గదా! మాకు ముందు వచ్చిన కుటుంబమొకటి రుసుమిచ్చి చేలోకి దిగింది. మాకు దిగవలసిన అవసరమే లేకపోయింది. రోడ్డుమీద నిలబడే డ్రోన్‌ను పైకి పంపాము.

తెర నా చేతిలో ఉంది. పసుపు చేలు, వాటి మధ్య ఎర్రమట్టి దారి, ఆవల గెడ్డ మలుపు. ఆ మలుపులో నలుగురైదుగురు స్త్రీలు స్నానాలు చేస్తున్నారు. చప్పుడు విని తలలెత్తారు. ఒకామె రాతి చాటుకు పరుగెత్తింది. మరొకామె గట్టుమీద ఆరవేసిన చీర లాగి పక్కనున్న పిల్లమీద కప్పింది. బావ వెంటనే యంత్రాన్ని వెనక్కి త్రిప్పాడు. అంతా కలిసి ఒక నిమిషం పట్టి ఉంటుంది.

కొంతసేపటికి వారిలో ఒక పెద్దామె తడిచీరతో గట్టెక్కి మా వద్దకు వచ్చింది. ఆమె మాట్లాడినది ఆదివాసీ ఒడియా. మా విద్యార్థిని తెలుగులో చెప్పింది: "మేం అందులో కనిపించామా అని అడుగుతోంది, సార్." నేను అబద్ధమాడలేదు. కాని నా నోట వెలువడిన మొదటి మాట క్షమాపణ కూడ కాదు. "మేము చట్టప్రకారమే ఎగరేశాం" అన్నాను. ఆ మాటను ఆ అమ్మాయి అనువదించలేదు.

పెద్దామె మళ్ళీ అడిగింది: "తీసేస్తారా?" తీసివేశాము. తీసివేసినట్టు తెర చూపించాము. కాని ఒకసారి పట్టిన బొమ్మ ఎక్కడెక్కడ నిలవ ఉంటుందో, నిజంగా పోయిందో లేదో ఆమె ఎట్లా తెలిసికోగలదు? మా మాట నమ్మడం తప్ప ఆమెకు గత్యంతరం లేదు. తిరుగు ప్రయాణంలో ఆ విద్యార్థిని నాతో మాట్లాడలేదు.

2

నేను చెప్పిన మాట అబద్ధం కాదు. అందుకే అది నన్ను ఇంతకాలం బాధిస్తున్నది. చట్టాన్ని అతిక్రమించి చేసిన తప్పును గుర్తించడం తేలిక. చట్టానికి లోబడి చేసిన తప్పును గుర్తించడానికి మనవద్ద మాటలు కూడ సరిగా లేవు.

వివిధ దేశాల నియమాలను పరిశీలించండి. మొరాకో దేశం ప్రయాణికుని డ్రోన్‌ను అసలు లోపలికే రానివ్వదు. అమెరికా 2014లోనే తన జాతీయ వనాలలో డ్రోన్లు ఎగరవేయడాన్ని నిషేధించింది. ఐరోపా సమాజంలో 2020 డిసెంబరు 31 నుండి అమలులోకి వచ్చిన నియమాలు సాధారణంగా 120 మీటర్ల ఎత్తును హద్దుగా పెట్టాయి. గుంపుగా చేరిన జనంమీద ఎగరరాదన్నాయి. అక్కడ మరొక విశేషముంది. ఆటబొమ్మ కాని డ్రోన్‌కు కెమెరా ఉంటే, బరువు 250 గ్రాములకు తక్కువైనా నడిపేవాడు తన పేరు నమోదు చేసికోవాలి. కన్ను కూడ ఒక బరువేనని ఆ నియమం ఒప్పుకొన్నదన్నమాట.

మన దేశపు డ్రోన్ నియమాలు 2021 ఆగస్టు 25న వెలువడ్డాయి. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. ఆకుపచ్చలో సాధారణంగా 400 అడుగులవరకు అనుమతి అక్కరలేదు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం అనుమతించాలి. అత్యవసర పరిస్థితిలో ఏదైనా ప్రాంతాన్ని 96 గంటలకు మించకుండా తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ పోలీసు యంత్రాంగానికీ ఉంది. ఈ నియమాలు అనవసరమని నేననను. విమానానికి అడ్డు రాకూడదు, సైనిక స్థావరాన్ని చూడకూడదు, యంత్రం మనిషి నెత్తిన పడకూడదు. ఇవన్నీ న్యాయమైనవే. కాని వీటన్నిటిలో అడిగే ప్రశ్నలు ప్రధానంగా మూడు: ఎంత బరువు? ఎంత ఎత్తు? ఎక్కడికి ఎంత దూరం? ఎవరిని చూస్తున్నావు, వారు నిన్ను చూడమన్నారా అన్న ప్రశ్న వాటి మధ్య ఎక్కడో జారిపోయింది. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది 2017లోనే. ఆ తీర్పు ఢిల్లీనుండి గెడ్డ మలుపుదాకా ఇంకా నడిచి రావలసి ఉంది.

గమనించవలసిన మరొక సంగతి ఉంది. పై నియమాలన్నిటిలోనూ ఎగరవేసేవాడు అనుమతి అడిగేది తనకంటె పైనున్న వానిని. కిందనున్న వానిని అడగనక్కరలేదు.

3

ఇప్పుడు పరదేశమంటే ఏమిటో ఆలోచించుదాం. పాస్‌పోర్టు చూపించిన చోటనే పరదేశం మొదలవుతుందని మనం అనుకొంటాము. నా పాస్‌పోర్టు నేను పాడేరు ఘాటులో ఎవరికీ చూపలేదు. అయినా ఘాటెక్కిన తరువాత నాకు అర్థం కాని భాష విన్నాను. నాకు తెలియని మర్యాదలున్న నేలమీద నిలబడ్డాను. హుకుంపేట మండలంలోనే మఠం గ్రామంవద్ద మత్స్యగుండం ఉంది. ఆ నీటిలో చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. వాటిని ఎవరూ పట్టరు. ఆ నియమం చదివి కాదు, అడిగి తెలిసికొంటాము. విశాఖపట్నంనుండి వచ్చినవాడు కూడ దానిని పాటిస్తాడు. అంటే అతిథిగా నడుచుకోవడం మనకు చేతకాక కాదు.

నేల విషయంలో మన చట్టం ఈ సంగతిని గుర్తించింది కూడ. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుని చేతికి పోరాదని 1959 నాటి నిబంధన, దానిని కట్టుదిట్టం చేసిన 1970 సవరణ చెబుతున్నాయి. ఏజెన్సీలో ఒకటి బై డెబ్భై అంటే తెలియనివారు లేరు. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పీసా చట్టం అన్నది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల వివాదంలో 1997లో వచ్చిన సమత తీర్పు, ప్రభుత్వం తన భూమిని సయితం అక్కడ ప్రైవేటు గనుల కంపెనీలకు కౌలుకివ్వరాదన్నది. ఇవేవీ దయతో ఇచ్చినవి కావు, పోరాడి సాధించుకొన్నవి. వీటిని ఎన్ని విధాల వమ్ము చేస్తున్నారో పాఠకులకు తెలియనిది కాదు. అయినా నేలమీద ఒక సూత్రం నిలబడింది: ఇక్కడ ఉన్నవారిని అడగాలి. ఆ సూత్రం నేలమీదనే ఆగిపోయింది. దానికి 100 అడుగుల పైన ఎవరినీ అడగనక్కరలేని ఆకాశం మొదలవుతుంది.

ఇందులో కొత్త ఏమీ లేదనేవారున్నారు. చూస్తే ఏం పోయింది, తీసికొనిపోతేనే గదా నష్టం అంటారు. చరిత్ర అలా చెప్పదు. 1802లో మద్రాసువద్ద లాంబ్టన్ తన మహా సర్వేను ప్రారంభించినప్పుడు అతడు కూడ కొండలెక్కి, ఎత్తునుండి చూచి, కోణాలు కొలిచాడు. కొలవడం దోపిడీ కాదు. కాని అడవికి హద్దు గీయాలంటే ముందు అడవిని కొలవాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, పోడు నేరమైంది, కట్టెలు కొట్టడం నేరమైంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారు తుపాకులకోసం పోలీసు స్టేషన్లమీద పడడం వెనుక ఈ హద్దుల కథ ఉంది. ఈనాడు ఆ జిల్లాకు ఆయన పేరే పెట్టాము. చూపు మొదట, హద్దు తరువాత, దండన ఆ తరువాత - ఈ వరుస తెలిసిన ప్రజానీకం నెత్తిమీద చప్పుడు వినబడితే తలెత్తి, చాటుకు పరుగెత్తడంలో వింత లేదు. గంజాయి తోటలకోసం వెదికే పోలీసు డ్రోన్‌కూ వలిసె పూలకోసం వచ్చిన మా డ్రోన్‌కూ కిందనుండి చూచేవారికి భేదమేమిటి?

4

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవు. ప్రకృతి సౌందర్యం అందరి సొత్తు గనక దానిని చూడడానికి ఒకరి అనుమతి ఎందుకన్నది మొదటిది. సౌందర్యం అందరిదే. కాని వలిసె చేను ప్రకృతి కాదు, అది శ్రమ. దున్ని, విత్తి, కాపాడిన చేను. దానిని రంగుగా మాత్రమే చూడగలగడం ఎత్తునుండే సాధ్యం. నేలమీద నిలబడితే చేనులోని మనిషి కూడ కనిపిస్తాడు, రుసుము అడుగుతాడు. 400 అడుగుల ఎత్తున శ్రమ కనిపించదు, రంగే మిగులుతుంది. శ్రమను మరపించే సౌందర్యాన్ని గురించి సాహిత్యంలో మనం ఎన్నో ఏళ్ళుగా వాదిస్తున్నాము. ఇక్కడ కూడ ఆ వాదమే వర్తిస్తుంది.

రెండవ ఆక్షేపణ బలమైనది. యంత్రాన్ని తిట్టడం ప్రగతి విరోధమంటారు. నిజమే. 2021 సెప్టెంబరులో వికారాబాదులో డ్రోన్ల ద్వారా మందులు పంపే ప్రయోగం ప్రారంభించారు. వానాకాలంలో దారులు తెగే ఏజెన్సీ గ్రామాలకు అటువంటిది వస్తే ఆహ్వానించవలసిందే. దక్షిణ అమెరికాలోని గయానా దేశంలో వాపిషానా ఆదివాసులు 2014లో తామే ఒక డ్రోన్‌ను కూర్చుకొని, తమ అడవిలోకి ఎవరు చొరబడుతున్నారో కనిపెట్టడానికి దానిని ఎగరవేశారు. అదే కన్ను, అదే ఎత్తు. కాని అక్కడ తెర ఎవరి చేతిలో ఉంది? ఏది చూడాలో, ఏది దాచాలో, ఏది లోకానికి చూపాలో నిర్ణయించినవారు ఆ నేలవారే. కాబట్టి నా అభ్యంతరం యంత్రంమీద కాదు. తెర ఒకరి చేతిలోనూ బ్రతుకు మరొకరిదీ అయి ఉండడంమీద.

ఇక్కడ మన రచయితలు కూడ తమను తాము ప్రశ్నించుకోవాలి. గిరిజనుని గురించి మనం వ్రాసిన కథల్లో అతడు ఎంతకాలం థింసా ఆడాడు! ఎంతకాలం అమాయకంగా నవ్వాడు! సానుభూతితోనే వ్రాశాము. కాని అనేక సందర్భాలలో పైనుండే వ్రాశాము. వ్రాసినదాన్ని వారికి చదివి వినిపించలేదు. నా చేతిలోని తెరను చూచి నేను ఆశ్చర్యపోనవసరం లేదు. డ్రోన్ రాకముందే ఆ ఎత్తు నాకు అలవాటైనదే.

అయితే ప్రయాణికుడు పాటించవలసిన నియమమేమిటి? ఏ దేశం వెళితే ఆ దేశపు చట్టం తెలిసికోవాలి, పాటించాలి. అది మొదటి మెట్టు మాత్రమే. యంత్రాన్ని పైకి లేపేముందు మనం కిందికి దిగాలి. అక్కడివారిని వారి భాషలో అడగాలి. వద్దంటే మానాలి. తీసినది వారికి చూపాలి, చెరపమంటే చెరపాలి. దీనికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు. తీరిక, వినయం ఉంటే చాలు.

నెల తరువాత మా విద్యార్థినిని అడిగాను, ఊరి పెద్దలవద్దకు తీసికొనివెళ్ళమని. క్షమాపణ చెప్పుకొంటాననీ, వారు సరేనంటే వారు చూపిన చోట వారి పిల్లల చేతికే తెర ఇచ్చి మళ్ళీ ఎగరవేద్దామనీ అన్నాను. "క్షమాపణకైతే ఎప్పుడైనా రండి, సార్. రెండోదానికి వాళ్ళు కూర్చుని మాట్లాడుకోవాలి" అన్నది. వెళ్ళి చెప్పుకొని వచ్చాను. రెండవ విషయం వారింకా తేల్చలేదు. సెలవు అయిపోయి బావ అమెరికా వెళ్ళిపోయాడు. డ్రోన్ స్నేహితుని ఇంటికి చేరింది. ఈసారి అనుమతి ఇవ్వవలసినవారు తీరిక చేసికొని ఆలోచిస్తున్నారు. మేము ఎదురుచూస్తున్నాము.