పూటకూళ్లవాడి వంతు

న్యూజెర్సీ రాష్ట్రం ప్లెయిన్స్‌బరోలోని ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీ మేనేజరు ఒకావిడ ఉండేది. గుంటూరు ఆడపడుచు. ఆదివారం చర్చి, మిగతా రోజులు బెడ్లు, స్టాఫు, బిల్లులు. రెంటికీ సంబంధం లేదనుకునేది.

ఒక రాత్రి బేస్‌మెంట్ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దావిడను తీసుకొచ్చారు. విజిటర్ వీసా మీద కొడుకింటికి వచ్చిన మనిషి. డాక్టరు అడిగింది పదేళ్ల మనవడు తెలుగులో చెబుతున్నాడు.

"నాయనమ్మా, మందులేమైనా వాడుతున్నావా?"

పిల్లవాడు బెదిరిపోతాడని ఆమె, "ఏం లేవు నాన్నా" అంది. తలగడ పక్కన చేతిసంచిలోంచి మాత్రల డబ్బా మూత కనబడుతూనే ఉంది.

మేనేజరు పిల్లవాణ్ణి వాళ్లమ్మ దగ్గరికి పంపి, ఇంటర్‌ప్రెటర్‌కు ఫోన్ కలిపించింది. అప్పుడు బయటపడింది, రక్తం పలచబడే మాత్రలు వాడుతోందని. ఆపరేషన్ వేళ మార్చారు.

"మీకూ తెలుగొచ్చుగా, మీరే అడగొచ్చు కదా?" అంది నర్సు.

"రేపు ఈ మంచం మీదికి గుజరాతీ అవ్వ వస్తుంది. అప్పుడెవరు అడుగుతారు?"

కోడలు దగ్గరికొచ్చి, "అక్కా, మా అత్తయ్య కోసం ప్రార్థన చెయ్యండి" అంది. "చేస్తానమ్మా. ముందు ఈ ఛారిటీ కేర్ కాగితాలు నింపుదాం" అని పక్కన కూర్చుంది. తెల్లారాక, పిల్లల చేత మాటలు చెప్పించకూడదని, ప్రతి మంచం దగ్గర ఇంటర్‌ప్రెటర్ ఫోన్ ఉండాలని ఆర్డరు వేసింది.

నీతి: లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుడి గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. దారిలో గాయపడి పడున్నవాణ్ణి పూటకూళ్లింట్లో చేర్చి, అతను మర్నాడే పూటకూళ్లవాడికి రెండు దేనారాలిచ్చి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గాయపడ్డవాణ్ణి చూసుకున్నది పూటకూళ్లవాడు. పడక, తిండి, ఖర్చు లెక్క అతని వంతు. ఆసుపత్రి నడిపేవాళ్ల విశ్వాసానికి అసలు చోటు అక్కడే ఉందని నా నమ్మకం. ఒకరి దయ వాళ్ల డ్యూటీతో అయిపోతుంది. దాన్ని ఏర్పాటుగా మారిస్తే వాళ్లు లేనప్పుడూ పనిచేస్తుంది.

దయను అలా ఏర్పాటుగా మార్చినవాళ్లు నిజంగానే ఉన్నారు. పెన్సిల్వేనియాలో పుట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి రోగుల్ని చూడడంతో ఆగలేదు, 1898లో ఆసుపత్రి తెరిపించారు. 1930లో ఆమె పోయారు. ఆసుపత్రి ఉండిపోయింది. ప్లెయిన్స్‌బరోలో 2012 మేలో తెరిచిన ప్రిన్స్‌టన్ ఆసుపత్రి మతసంస్థ కాదు. అయినా కట్టకముందే పాత ఆసుపత్రిలో నమూనా గది కట్టి, నిజమైన రోగుల్ని ఉంచి, వాళ్లూ నర్సులూ చెప్పింది విని మార్పులు చేశారు. పడిపోకుండా పట్టుకోవడానికి మంచం నుంచి బాత్‌రూమ్ దాకా కమ్మీ పెట్టారు. దీన్ని నేను పరిచర్యే అంటాను.

కథలో మేనేజరు నింపించిన కాగితాలు న్యూజెర్సీ ఛారిటీ కేర్‌వి. అందులో, ఆస్తి పరిమితికి లోబడి, ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు 200 శాతం దాటకపోతే ఆసుపత్రి బిల్లు పూర్తిగా, 300 శాతం దాకా కొంత తగ్గుతుంది. అత్యవసర చికిత్సయితే ఆ రాష్ట్రం వాళ్లు కానివాళ్లూ అడగొచ్చు. ఈ సంగతి తెలియక అప్పులు చేసేవాళ్లకు చెప్పేదెవరు?

ఆసుపత్రుల్లో పనిచేసే విశ్వాసులారా, రేపు డ్యూటీకి వెళ్లగానే మీ వార్డులో ఇంటర్‌ప్రెటర్ ఫోన్ పనిచేస్తోందో లేదో ఒకసారి చూడండి.