భూశయనము - సుఖనిద్ర

2016 వరకు కరీంనగరు జిల్లాలో నుండిన కొండగట్టు క్షేత్రమున మాల ధరించు హనుమద్దీక్షాపరులు మండలకాలము, అనగా 41 దినములు, నేలపైననే శయనింతురు. భూస్పర్శచే దేహమందలి విద్యుత్తు సమస్థితి నొంది సుఖనిద్ర కలుగునని నేడు కొందరి వాదము. అది ఇంకను నిర్ధారితము కాలేదు.

శృంగిబేరపురమున శ్రీరాముడు నేలపై తృణశయ్యయందు నిద్రించెను. ఆ చెంతనే లక్ష్మణుడు, గుహుడు రాత్రియంతయు మేల్కొని యుండిరి. నేల యొక్కటియే. రాజ్యమును విడిచిన ప్రభువునకు నిద్ర పట్టినది. ఆయనకై పరితపించువారికి పట్టలేదు. కావున నిద్రకు మూలము మన్ను కాదు, మనస్సు. వారి జాగరణ లోపమును కాదు, ప్రేమ.

భక్తులారా! దీక్ష ముగియగానే మనకు మంచము కలదు. మండపమున మన ప్రక్కన పండుకొన్న నిరుపేదకు నేలయే నిత్యశయ్య. అతనికి కంబళి కప్పిన పిమ్మటనే మన భూశయనము వ్రతమగును.