అమ్మాక కూడా తాళం తమ దగ్గరేనా?

చూపు పోయినవారి కంటిలో, రెటీనా మీద 60 ఎలక్ట్రోడ్ల చిన్న పలకను అమర్చేవారు. కళ్లజోడులోని కెమెరా తీసిన దృశ్యాన్ని ఒంటిమీద పెట్టుకునే చిన్న యంత్రం సంకేతాలుగా మార్చేది. అవి వైర్‌లెస్‌గా పలకకు చేరేవి. పూర్తి చూపు వచ్చేది కాదు గానీ గుమ్మం ఎటుందో, ఎదుట ఏదైనా కదులుతోందో వెలుగు మచ్చలుగా తెలిసేది. అమెరికాలోని సెకండ్ సైట్ కంపెనీ చేసిన ఈ ‘ఆర్గస్ 2’ను ప్రపంచంలో 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో దాని తయారీ ఆగింది. మరుసటి ఏడాది కంపెనీ దివాలా అంచుకు చేరి ఉద్యోగుల్లో చాలామందిని ఇంటికి పంపేసింది. యంత్రం మొరాయిస్తే బాగుచేసే దిక్కు లేకపోయింది.

ఒంట్లో భాగమైపోయిన వస్తువైనా అమ్మినవాడి దయమీదే బతకాలా?

ఈ ప్రశ్న మన ధర్మశాస్త్రాలకు కొత్త కాదు. ధర పుచ్చుకుని సరుకు అప్పగించకపోవడాన్ని యాజ్ఞవల్క్య స్మృతి ప్రత్యేక వివాదంగా లెక్కగట్టింది. అలాంటి వర్తకుడి చేత సరుకును లాభంతో సహా ఇప్పించాలంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. బియ్యమో బట్టో అయితే చేతికిచ్చిన క్షణంలో అప్పగింత పూర్తవుతుంది. సగం ప్రాణం కంపెనీ సర్వర్‌లో ఉన్న వస్తువు మాటేమిటి? అక్కడ అప్పగింత ఒక్కరోజుతో తీరదు. సర్వర్ నడిచినన్నాళ్లూ రోజూ సాగుతూనే ఉంటుంది. తాళం తన దగ్గర పెట్టుకున్నవాడికి అమ్మకంతో బాధ్యత తీరిపోదు.

రివాల్వ్ సంగతే చూడండి. ఇంట్లో దీపాలను, తలుపులను ఫోన్‌తో నడిపించే ఈ పెట్టె ధర 299 డాలర్లు ఉండేది. జీవితకాల సేవ అన్న హామీతో అమ్మారు. 2014లో నెస్ట్ అనే సంస్థ రివాల్వ్ కంపెనీని కొంది, 2016 మే 15న సేవ ఆపేసింది. చక్కగా పనిచేస్తున్న పెట్టెలు ఒక్కసారిగా ఎందుకూ కొరగాకుండా పోయాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరా తీసింది. కొన్నవారికి డబ్బు వాపసు ఇవ్వడానికి నెస్ట్ ముందుకొచ్చింది.

కంపెనీల వైపూ న్యాయం ఉంది. ఏ సంస్థా శాశ్వతం కాదు. భద్రతా అప్‌డేట్లు రాని పాత పరికరం ఇంటికే ముప్పు కావచ్చు. అనిత్యాన్ని కాదనలేం. కానీ ముగింపు రాక తప్పనప్పుడు దాన్ని ఎలా జరిపించాలన్నదే ధర్మం. పిల్లలతో కబుర్లు చెప్పే మాక్సీ రోబోను చేసిన ఎంబాడీడ్ కంపెనీ 2024 డిసెంబరులో నిధులు లేక మూతపడబోతూ, కొన్నవారు సొంత కంప్యూటర్ సాయంతో రోబోను నడుపుకునే ఏర్పాటు చేపట్టింది. డబ్బు లేనివాడికి సాధ్యమైనది ఉన్నవాడికి కాదా?

ఎన్నేళ్లు ఆదుకుంటారో ముందే చెప్పాలి కదా! అదీ జరగడం లేదు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 184 స్మార్ట్ పరికరాలను పరిశీలిస్తే, దాదాపు 89 శాతం వాటికి కంపెనీ వెబ్‌సైట్లలోని ఉత్పత్తి పేజీల్లో ఆ సంగతే లేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి భద్రతా అప్‌డేట్ల కనీస గడువు చెప్పి తీరాలి. మన కేంద్ర ప్రభుత్వం 2022లో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. ఇక పెట్టె మీద ధర పక్కనే సేవ గడువు ముద్రించాలి. గడువు తీరాక పరికరాన్ని సొంతంగా నడుపుకునే మార్గమైనా, ధరలో తగిన భాగమైనా కొన్నవారికి చట్టప్రకారం దక్కాలి.