కుమారుని పడకయొద్ద తల్లి

ధ్యానభాగములు: యెషయా 49:15, యోహాను 19:25–27

తపతీనది తీరమున నున్న సూరత్ నగరము వస్త్రములకును వజ్రములకును పేరొందినది. 1815వ సంవత్సరమున లండను మిషను సేవకులైన స్కిన్నరు, ఫైవీ అనువారు అక్కడ పరిచర్య ఆరంభించి, పరిశుద్ధ గ్రంథమును గుజరాతీ భాషలోనికి తర్జుమా చేసిరి. తరువాతి కాలమున తెలంగాణ జిల్లాలనుండి వేలకొలది పద్మశాలీ కుటుంబములు మరమగ్గముల పనికై ఆ నగరమునకు వలస పోయి, లింబాయత్ మొదలైన పేటలలో నివాసమేర్పరచుకొనెను. కావున సూరత్ పేరు తెలుగువారికి పరాయి పేరు కాదు.

2017 సెప్టెంబరు నెలలో ఆ నగరమున ఒక చిన్న బిడ్డ క్రిందపడి తలకు గాయము తగిలి, మెదడు మరణించిన స్థితికి వచ్చెను. ఆ బిడ్డ వయస్సు 14 నెలలు మాత్రమే. ఆ తలిదండ్రులు తమ దుఃఖము మధ్యనే బిడ్డ అవయవములను దానము చేయుటకు సమ్మతించిరి. ఆ చిన్న గుండె విమానమున ముంబయి చేర్చబడి, మూడున్నర యేండ్ల బాలిక శరీరములో మరల కొట్టుకొనసాగెను. తన ఒడిలో ఇక కదలని బిడ్డను గూర్చి, “ఇతని గుండె మరియొక తల్లి బిడ్డకు పనికివచ్చును గాక” అని సమ్మతించుటకు ఆ తల్లి ఎంత లోతైన లోయను దాటవలసి యుండెనో మాటలతో చెప్పశక్యము కాదు.

ఇంతకు పదమూడేండ్లకు ముందు, 2004 డిసెంబరులో, హైదరాబాదులో ఒక తల్లి ఇట్టి కోరికతోనే న్యాయస్థానపు తలుపు తట్టెను. ఆమె కుమారుడు కొలవెన్ను వెంకటేశ్ చదరంగపు క్రీడాకారుడు. వయస్సు 25 సంవత్సరములు. బాల్యమునుండి అతనిని డ్యూషెన్ కండర క్షీణత అను వ్యాధి పట్టి పీడించుచుండెను. తాను ఇక బ్రదుకనని యెరిగి, తన అవయవములు పాడుకాక మునుపే అక్కరగలవారికి ఈయవలెనని అతడు తల్లిని కోరెను. తల్లి సుజాత ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమును ఆశ్రయించెను. అయితే 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ప్రకారము మెదడు మరణము నిర్ధారణయైన పిమ్మటనే అట్టి అవయవములను తీయవచ్చును. అతని మెదడు సజీవముగానే యుండెను. న్యాయస్థానము అనుమతి నిరాకరించెను. కొద్దికాలములోనే అతడు కన్నుమూసెను. అతని నేత్రములు దానమీయబడెను.

ఈ చరిత్రను శ్రీకాంత్ మూర్తి గ్రంథముగా వ్రాసెను. దాని ఆధారముగా, తెలుగువారికి నటిగా సుపరిచితురాలైన రేవతి దర్శకత్వమున “సలామ్ వెంకీ” అను హిందీ చలనచిత్రము 2022 డిసెంబరు 9న విడుదలయ్యెను. తల్లిగా కాజోల్, కుమారునిగా విశాల్ జేఠ్వా నటించిరి.

చలనచిత్రము వాక్యమునకు సాటి రానేరదు. అయినను దావీదు మనస్సాక్షిని మేల్కొలుపుటకు నాతాను ప్రవక్త ఒక పేదవాని గొఱ్ఱెపిల్ల కథను వాడెను. కథ విని దావీదు కోపగించెను. అయితే “ఆ మనుష్యుడవు నీవే” యని వినినప్పుడు గదా అతడు మారుమనస్సు పొందెను! చీకటి గదిలో తెర మీది తల్లికొరకు కన్నీరు విడుచుట సులభము. బయటికి వచ్చి, పొరుగింట రోగియైన బిడ్డతో నున్న తల్లిని మరచుటయు అంతే సులభము. కథ ఏ తలుపునొద్దకు పంపుచున్నదో తెలిసికొనుటయే విశ్వాసి పని. కాబట్టి తల్లి ప్రేమనుగూర్చి మూడు సంగతులు ధ్యానింపదగును.

మొదటిది: తల్లి ప్రేమ విడిచిపోదు.

డ్యూషెన్ వ్యాధి సుమారు 5,000 మంది మగబిడ్డలలో ఒకరికి కలుగును. చిన్నతనమున పరుగెత్తిన బిడ్డ తరచుగా పడిపోవును, మెట్లెక్కలేడు, పండ్రెండేండ్ల ప్రాయము వచ్చునప్పటికి సాధారణముగా నడువలేడు. పిమ్మట చేతులు బలహీనమగును. కడపట ఊపిరికిని గుండెకును సంబంధించిన కండరములును క్షీణించును. పక్కమీద తిరుగుటకును అతనికి శక్తి యుండదు గనుక రాత్రి పలుమారులు ఒకరు లేచి అతనిని పక్కకు తిప్పవలెను. లోకము చూడని ఈ సేవను తల్లి ఒకటి రెండు దినములు కాదు, ఇరువదేండ్లు చేయును.

లేఖనములలో రిస్పా అను తల్లి కలదు (2 సమూయేలు 21:10). తన ఇద్దరు కుమారులు చంపబడి కొండమీద వ్రేలాడుచుండగా, ఆమె గోనెపట్ట బండమీద పరచుకొని, కోతకాలపు ఆరంభమునుండి వాన కురియువరకు పగలు పక్షులను, రాత్రి అడవి మృగములను తోలుచుండెను. ఆమె ఒక ప్రసంగమైనను చేయలేదు. మనవి వ్రాసి పంపలేదు. ఊరకయే కూర్చుండెను. అయితే ఆ సంగతి రాజునకు తెలియజేయబడెను. దావీదు కదలింపబడి సౌలు ఎముకలను, యోనాతాను ఎముకలను తెప్పించి, ఆ చంపబడినవారి ఎముకలను సమకూర్చి గౌరవముగా పాతిపెట్టించెను. ఒక తల్లి విడువని ప్రేమ సింహాసనమును కదిలించెను. హైదరాబాదు తల్లి న్యాయపీఠము నెదుట నిలిచినప్పుడు, కోరినది దొరకకపోయినను, దేశమంతటిని ఆలోచింపజేసెను.

హాగరు తన కుమారుని చావు చూడలేక వింటివేత దూరము పోయి కూర్చుండెను (ఆదికాండము 21:16). ఆమెను నిందింపరాదు. కొన్ని పర్యాయములు ప్రేమయే చూడలేకపోవును. అయినను ఆమె దూరమైనప్పుడు దేవుడు దూరము కాలేదు. ఆయన ఆ చిన్నవాని మొరను వినెను. అలసి ప్రక్క గదిలోనికి పోయి ఏడ్చు తల్లికి ఇది గొప్ప ఆదరణ.

రెండవది: తల్లి ప్రేమ నిందను మోయును.

ఈ వ్యాధికి కారణమైన జన్యులోపము ఎక్స్ క్రోమోజోమునందుండును. 1986లో శాస్త్రజ్ఞులు ఆ జన్యువును గుర్తించిరి. తల్లికి వ్యాధిలక్షణములు కనబడకయే ఆమెద్వారా అది కుమారునికి సంక్రమింపవచ్చును. అయితే మూడింట ఒక వంతు బిడ్డలలో అది తల్లినుండి రాక, క్రొత్తగానే కలుగును. ఇందులో ఆమె చేసిన తప్పేమి? ఏమియు లేదు. అయినను అత్తవారింటిలో వ్రేలు ఆమెవైపే చూపబడును. “నా రక్తమే నా బిడ్డకు విషమాయెనే” అని ఆమె తన్ను తాను శిక్షించుకొనును.

దీనికంటె బాధాకరమైన సంగతి యొకటి కలదు. సంఘములోనే కొందరు, “నీ యింట దాచబడిన పాపమేదో యున్నది,” “విశ్వాసముండినయెడల బిడ్డ లేచి నడచియుండును” అని పలుకుదురు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మంచివారే. నోరు తెరచిన తరువాతనే వారు బాధకులైరి. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు, ఎవరు పాపము చేసిరి, వీడా వీని కన్నవారా అని అడిగినప్పుడు, ప్రభువు ఆ రెండింటిని త్రోసివేసెను (యోహాను 9:2, 3). పాపమును లెక్కపెట్టుటకు బదులుగా ఆయన దేవుని క్రియలు ప్రత్యక్షపరచుటకు వంగి బురద చేసెను. రోగి ఇంటికి పోవు సంఘ పెద్దలు నేర్వవలసిన పాఠమిదియే: ప్రశ్న వేయుటకు కాదు, చేతులు కదలించుటకు పోవలెను.

మూడవది: తల్లి ప్రేమ అప్పగించును.

ఇక్కడ విశ్వాసి జాగ్రత్తగా నడువవలెను. వెంకటేశ్ కోరికలో రెండు సంగతులు కలిసియున్నవి. ఒకటి, తన్నుతాను ఇతరులకు ఇచ్చుకొనవలెనను కోరిక; అది గోధుమగింజ భూమిలో పడి చచ్చి విస్తారముగా ఫలించుటనుగూర్చి ప్రభువు చెప్పిన మాటను జ్ఞాపకము చేయును (యోహాను 12:24). రెండవది, గడువునకు ముందే ప్రాణమును ముగించుట. మొదటిది మెచ్చదగినది. రెండవది మనుష్యుని చేతిలోనిది కాదు. చంపువాడును బ్రదికించువాడును యెహోవాయే అని హన్నా పాడెను (1 సమూయేలు 2:6). తల్లి ఉద్దేశము ఎంత పవిత్రమైనను, ఆమె కన్నీరు ఎంత నిజమైనను, ప్రాణదాత హక్కు మారదు. ఆ తల్లికి తీర్పు తీర్చుటకు కాదు, జీవముయొక్క విలువను నిలుపుటకే ఈ మాట.

అయితే ప్రాణము తీయుట వేరు. నిష్ప్రయోజనమైన యంత్రములతో మరణమును సాగదీయకుండుట వేరు. 2018 మార్చి 9న సర్వోన్నత న్యాయస్థానము, కోలుకొను ఆశ లేని రోగికి కృత్రిమ సాధనములను నియమబద్ధముగా మానుటకు అనుమతించెను. మందు ఇచ్చి చంపుటకు కాదు. దేవుడు పిలుచుచుండగా తలుపునకు అడ్డముగా నిలుచుట విశ్వాసము కాదు. సిలువయొద్ద ప్రభువు మత్తు కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదు (మార్కు 15:23). గాని కడపట ఆయన దప్పిగొని చిరకను పుచ్చుకొనెను. రోగి బాధను ఉపశమింపజేయుట పాపమని చెప్పువారు ఆ స్పంజీని జ్ఞాపకము చేసికొందురు గాక.

సూరత్ తలిదండ్రుల యెదుట ఈ చిక్కు లేకుండెను. మెదడు మరణమును వైద్యులు కనీసము ఆరు గంటల యెడముతో రెండుమారులు పరీక్షించి నిర్ధారణ చేయవలెనని నియమమున్నది. మరణము వచ్చినదని తెలిసిన పిమ్మట వారు ఇచ్చిరి. ఇట్టి దానము క్రైస్తవ నిరీక్షణకు విరోధమా? “అవయవములు తీసివేసినయెడల పునరుత్థానదినమున బిడ్డ ఎట్లు లేచును?” అని కొందరు తల్లులు కలవరపడుదురు. సముద్రములో మునిగినవారిని, అగ్నిలో కాలిన హతసాక్షులను లేపువాడు, ఇయ్యబడిన గుండెనుబట్టి కొరతపడునా? మన దీనశరీరమును మార్చువాడు దానిని తన మహిమగల శరీరమునకు సమరూపము గలదానిగా చేయును (ఫిలిప్పీయులకు 3:21).

హన్నా సమూయేలును షిలోహులో అప్పగించెను. అప్పగించిన తరువాతను ఏటేట చిన్న అంగీ కుట్టి తెచ్చుచుండెను (1 సమూయేలు 2:19). అప్పగించుటయనగా ప్రేమించుట మానుట కాదు. కూడ నుంచుకొనలేని బిడ్డను ఆమె దేవుని చేతిలో ప్రేమించుచుండెను. కుమారుని సమాధి చేసిన తల్లి హృదయములోను ఏటేట ఒక అంగీ కుట్టబడుచుండును. దానిని ఎవరును నవ్వరాదు.

సిలువయొద్ద

తల్లి ప్రేమ ఇంత గొప్పదైనను, ప్రవక్త దానికి మించిన ప్రేమను చూపుచున్నాడు. స్త్రీ తన గర్భమున పుట్టిన బిడ్డను మరచుట సాధ్యమైనను, సీయోనును దేవుడు మరువడు (యెషయా 49:15). తల్లుల ప్రేమను లోకువ చేయుటకు కాదు, లోకములో దొరకిన మిక్కిలి పెద్ద కొలతను తీసికొని, అదియు చాలదని చూపుటకే దేవుడు ఆ ఉపమానమును ఎన్నుకొనెను.

గొల్గొతాలో మరియ నిలిచియుండెను. ఆమె హృదయములోనికి ఖడ్గము దూసికొనిపోవునని సుమెయోను ముప్పది యేండ్లకు పైగా ముందే చెప్పియుండెను. కదలలేని కుమారుని ఆమె తాకలేకపోయెను, దాహమునకు నీరియ్యలేకపోయెను. ఇక్కడ ఒక అద్భుతము జరిగెను. లోకమందలి పడకలయొద్ద తల్లి కుమారుని కనిపెట్టును. సిలువయొద్దనైతే చనిపోవుచున్న కుమారుడు తల్లిని కనిపెట్టెను. లోకపాపమును మోయుచున్న ఆ గడియలో ఆయన ఒక విధవరాలి రేపటి దినమును మరువలేదు. ఆమెను తాను ప్రేమించిన శిష్యునికి అప్పగించెను. ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను.

ప్రియ చదువరీ, యోహానునకు ఇయ్యబడిన పని నేటికిని ముగియలేదు. బిడ్డ రోగియైనప్పుడు సంఘమంతయు ప్రార్థనకు వచ్చును. మూడవ సంవత్సరమునకు ఒకరిద్దరే మిగులుదురు. భూస్థాపనయైన నెలకు తలుపు తట్టువారే యుండరు. ఆదివారమున ఒక సహోదరి రెండు గంటలు ఆ పడకయొద్ద కూర్చున్నయెడల, ఆ తల్లి ఎన్ని నెలలకో ఆరాధనకు రాగలదు. దేవాలయపు మెట్ల ప్రక్కన చక్రముల కుర్చీకి ఒక వాలుదారి కట్టించినయెడల, ఆ కుమారుడును రాగలడు. మరమగ్గముల పేటలో పండ్రెండు గంటల పని చేసి వచ్చిన తండ్రికి ఒక రాత్రి నిద్ర దొరకునట్లు చేయుటయు పరిచర్యయే. ఇవి చిన్నవిగా కనబడును. అయితే ప్రభువు సిలువమీదనుండి ఆజ్ఞాపించిన సేవ ఇట్టిదే.

షూనేమీయురాలు తన చనిపోయిన కుమారుని ప్రవక్త మంచముమీద పండబెట్టి, తలుపు వేసి, ఎలీషాయొద్దకు పోయెను. అంతయు క్షేమమేనా యని అడుగగా ఆమె క్షేమమే యని చెప్పెను (2 రాజులు 4:26). అది అబద్ధము కాదు; కన్నీటితో పలికిన విశ్వాసము. ఆమె కుమారుని ఆ దినమున తిరిగి పొందెను. నేటి తల్లులు అనేకులు కడవరి బూర మ్రోగువరకు కనిపెట్టవలసియున్నది. అయితే ఇద్దరికిని మాట ఇచ్చినవాడు ఒక్కడే. నయీను గవినియొద్ద పాడెను ముట్టి, చిన్నవానిని తల్లికి అప్పగించినవాడు ఆయనే. ఆయన చేతిలో పెట్టబడిన బిడ్డ పోగొట్టుకొనబడిన బిడ్డ కాడు.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, రోగియైన బిడ్డ ప్రక్కన ఈ రాత్రి మేలుకొనియున్న ప్రతి తల్లిని జ్ఞాపకము చేసికొనుము. నిందచేత నలిగిన హృదయములను విడిపించుము. అప్పగించు ఘడియ వచ్చినప్పుడు నీ హస్తములను వారికి కనపరచుము. నీ సంఘమునకు యోహాను హృదయమును దయచేయుము. నీ ప్రియకుమారుడును మా రక్షకుడునైన యేసు క్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.