ఆ ముక్క విప్పేశానమ్మా

అమ్మడూ,

మీ అమ్మ తెచ్చిన సంచిలో నువ్వు అల్లిన ముక్క చూశాను. నీలం రంగు ఊలు, వెడల్పు ఏడంగుళాలు, పొడవు తొమ్మిది. కళ్ళజోడు పెట్టుకుని గుమ్మం దగ్గర వెలుతుర్లో కూర్చుని, వరస వరసా వేలితో తడిమాను. పదకొండో వరసలో ఒక కన్ను వదిలేశావు. దాంతో అంచు లోపలికి జారింది. పై వరసలో ఒకే కన్నులో రెండు కుట్లు వేసి లెక్క సరిపెట్టావు. చూసేవాళ్ళకి తెలియదు. నాకు తెలిసిపోయింది, ఎందుకంటే పన్నెండేళ్ళ వయసులో నేనూ అచ్చం అలాగే చేశాను.

అప్పట్లో మా వీధి అరుగుల మీద మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరి చేతుల్లోనూ లేసే. స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దంలో మన గోదావరి ఆడవాళ్ళకి నేర్పిన పని అది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివితే నాకు ముందు గుర్తొచ్చింది మా అమ్మ చూపుడువేలు. దారం ఒరుసుకుని ఒరుసుకుని ఆ వేలి పక్కన గీత పడిపోయింది. సరే, నా సంగతి చెప్తున్నాను కదా. ఒకసారి నేను కన్ను వదిలేసి, లెక్క సరిపెట్టి ఇచ్చేశాను. లేసు కొనే ఏజెంటు దాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురుకి ఎత్తాడు. అంతే, మడిచి వెనక్కిచ్చేశాడు. నాలుగు రోజుల కూలి పోయింది. మా అమ్మ ఒక్క మాటా అనలేదు. రాత్రి దీపం దగ్గర నా పక్కనే కూర్చుని, తప్పు దగ్గరిదాకా నాచేతనే విప్పించింది.

ఇలాంటి ముక్కలు కలిపి మీరు పంచే దుప్పట్లకి ఏజెంటు లేడమ్మా. నేను చెప్పాలనుకున్నది అదే. నువ్వు వెళ్ళే ఆ లైబ్రరీలో శనివారాలు అందరూ మనసున్నవాళ్ళే. ఎవరు ఏం తెచ్చినా సంతోషంగా తీసుకుని పెట్టెలో పెడతారు, వంక పెట్టరు. అక్కణ్ణుంచి ఆ దుప్పటి ఆసుపత్రిలో ఉన్న పిల్లకో, ఇల్లు కాలిపోయి కట్టుబట్టలతో బయటికి వచ్చినవాళ్ళకో వెళ్తుంది. వాళ్ళు వెలుతురుకి ఎత్తి చూడరు. చూసినా నోరు తెరిచి బాగాలేదనలేరు. డబ్బిచ్చి కొన్నవాడికి వెనక్కిచ్చే హక్కుంటుంది, ఊరికే తీసుకున్నవాళ్ళకి అదీ ఉండదు. అందుకని వాళ్ళ తరఫున వెలుతురుకి ఎత్తి చూడాల్సింది నువ్వే.

మీరు చేస్తున్న పద్ధతి నాకు చాలా నచ్చింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాసా అనే ఊళ్ళో ఊలు దుకాణం నడిపిన ఈవీ రోజెన్ అనే ఆవిడ 1991లో ఇది మొదలుపెట్టింది. దుప్పటి మొత్తం అల్లాలంటే ఎవరికైనా గుండె జారుతుంది, తలా ఒక ముక్క అంటే ఎవరూ కాదనరు. ఏడు వరసల్లో ఏడేసి, మొత్తం 49 ముక్కలు. కలిపితే 49 అంగుళాల వెడల్పు, 63 అంగుళాల పొడవు. మనిషి ఒళ్ళో కప్పుకుని కూర్చోవడానికి నిండుగా సరిపోతుంది.

అయితే ఆ 49 ముక్కలూ కలిపే ఆవిడ ఎవరో, ఆవిడ పక్కన ఒక్కరోజు కూర్చో. మా దగ్గర దాన్ని అతుకు పని అంటారు. ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరు వాటిని చేర్చి కలుపుతారు. ఒక్కో చేతికి ఒక్కో బిగువు. కోపంగా ఉన్నరోజు దారం బిగుస్తుంది, కబుర్లలో పడితే వదులవుతుంది. నువ్వు ఆరున్నర అంగుళాలకే ఆపేస్తే ఆ మిగతా అరంగుళం కోసం అతుకు పని చేసేవాళ్ళు పక్క ముక్కని లాగాలి. నాలుగు ఉతుకులకి అతుకు అక్కడే తెగుతుంది. కాబట్టి వరసలు లెక్కపెట్టి ఊరుకోకు, టేపు పెట్టి కొలిచి చూడు. చిన్నదైతే అరమిల్లీమీటరు ఎక్కువ లావున్న కొక్కెం తీసుకో, పెద్దదైతే సన్నంది. మెలిపెట్టి లాగి సరిపెట్టడం మాత్రం వద్దు.

దారం కొసల సంగతి. నీ ముక్కకి రెండంగుళాల కొస వదిలి కత్తిరించేశావు. ఆరంగుళాలు వదలాలి తల్లీ. దాన్ని సూదికెక్కించి కుట్ల లోపలినుంచి ఒకవైపు పోనిచ్చి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తేవాలి. మూడుసార్లు దారి మారితే ఇక ఊడదు. ముడి ఒక్కటే నమ్ముకుంటే ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. పసిపిల్లల దుప్పటైతే ఇంకా జాగ్రత్త. పెద్దపెద్ద కన్నాలుండే డిజైన్లు ఎంత ముద్దుగా ఉన్నా వద్దు, చిట్టి వేళ్ళు ఇరుక్కుంటాయి. కుచ్చులూ గుండీలూ పెట్టకు. ఏడాది నిండని పిల్లలు నిద్రపోయే ఉయ్యాల్లో ఏ దుప్పటీ ఉంచకూడదని పిల్లల డాక్టర్లు చెప్తారు కదా, ఆ మాట ఒక కాగితమ్ముక్క మీద రాసి దుప్పటితో పాటు పెట్టించు.

అసలు ఊలే మంచిదని నీకు ఎవరో చెప్పారట. నీ సొంతానికి అల్లుకుంటే అసలు ఊలే అల్లుకో. కానీ దాన్ని వేణ్ణీళ్ళలో మిషన్లో వేస్తే కుదించుకుని గట్టిగా అట్టలా అయిపోతుంది. ఇద్దరు చంటిపిల్లల్ని పెట్టుకుని షెల్టర్లో ఉన్న తల్లికి చేత్తో ఉతికి నీడలో ఆరేసే తీరికెక్కడిది? మిషన్లో వేసినా తట్టుకునే ఆక్రిలిక్ దారమే ఆవిడకి సుఖం. ఇచ్చేముందు ఒకసారి నువ్వే ఉతుకు. మన పోపు వాసన మనకి తెలియదు, జబ్బుతో ఉన్న పిల్లకి తెలుస్తుంది.

చలికాలం వచ్చిందంటే మన దగ్గరా దుప్పట్లు పంచుతారు. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వైపు చలి ఎముకలు కొరికేస్తుంది, పంచడం ఎంతో అవసరం. కానీ ఒక్క దుప్పటిని నలుగురు పట్టుకుని, మధ్యలో ఒక ముసలమ్మని నిలబెట్టి ఫోటో తీస్తుంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆవిడ కెమెరా వంక చూడదు, నేల వంక చూస్తుంది. నువ్వు దుప్పటికి తీసుకో ఫోటో, ఎన్నైనా తీసుకో. కప్పుకున్న మనిషిని మాత్రం వదిలెయ్యి. 2016 జనవరిలో చెన్నైలో ఆడవాళ్ళందరూ అల్లినవి కలిపి పదకొండు వేల చదరపు మీటర్లకి పైగా దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు కొట్టారు. తరువాత విడదీసి అవసరమైనవాళ్ళకి ఇచ్చారు. రికార్డుకి ఫోటో ఉండాల్సిందే. నాకు ఆ విడదీసిన పనే ఎక్కువ ఇష్టం.

ఇంకొక్క మాట, ఇది కాస్త గట్టిగానే చెప్తాను. మీ గుంపులో ఎవరో, నర్సాపురం లేసువాళ్ళ చేత కూడా సేవగా కొన్ని అల్లిద్దామన్నారట. వద్దు. మీరు ఉద్యోగం చేసుకుని శనివారం రెండు గంటలు ఇస్తున్నారు, అది మీ ఇష్టం, మీ పుణ్యం. ఇక్కడ అది కూడు పెట్టే పని. జర్మనీకి చెందిన మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు ఆడవాళ్ళ మీద ఒక పుస్తకం రాసింది. వాళ్ళని పనివాళ్ళుగా లెక్కించకుండా, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులు అనడం వల్లే కూలి అంత తక్కువైందని ఆవిడ అందులో తేల్చింది. ఆ తీరిక వేళ మాట నేను చెవులారా విన్నాను, మా అమ్మా వింది. కాబట్టి వాళ్ళ చేత అల్లించాలనుంటే చందాలు పోగుచేసి, నిండుగా కూలి కట్టి అల్లించండి. ఆ దుప్పట్లని మీరు పంచండి.

నీ ముక్కని పదకొండో వరసదాకా విప్పేశాను. బాధపడకు, నీలం ఊలు ఒక్క పోగు కూడా పోలేదు, ఉండ చుట్టి పెట్టాను. విప్పిన చోట కన్ను జారిపోకుండా పిన్నీసు గుచ్చాను. మీ అమ్మ బయలుదేరేటప్పుడు పెట్టెలో పైనే సర్దుతాను, కింద పెడితే నలుగుతుంది. మిగతా వరసలు నేనే అల్లి పంపేదాన్ని, కానీ నా చేతి బిగువు వేరు, నీ బిగువు వేరు. పిన్నీసు తీసేముందు కొక్కెం కన్నులో పెట్టుకో.

మీ అమ్మమ్మ