పుండు కడిగే చేతులు



లాజరు సమాధి సువిశేషం చదివిన ఆదివారం మా గురువుల ప్రసంగాలన్నీ చనిపోయినవాణ్ణి పేరుపెట్టి పిలిచిన ఆ కేక దగ్గరకే పరుగెడతాయి. అంతకు ముందు మార్తమ్మ అన్న మాట మీద మేము ఎక్కువసేపు నిలవము. రాయి తొలగించమని ప్రభువు చెప్పగానే ఆమె అడ్డుపడింది. నాలుగు దినాలయింది, వాసన వస్తుందన్నది. సోదరుడి మీద ప్రేమ లేక కాదు. ఇల్లు నడిపే మనిషి కనుక ఉన్నమాట చెప్పింది. ప్రభువు ఆ వాసనకు వెనుదీయలేదు.

ఈ వారం ఆ వాసన గురించే రాస్తున్నాను. సమాధిలోని వాసన కాదు, బ్రతికున్న మనిషి ఒంటిమీది పుండు వాసన.

లింఫోమా అనే క్యాన్సరు లింఫోసైట్లనే తెల్లరక్తకణాలలో పుడుతుంది. చాలామందికి మెడలోనో, చంకలోనో, గజ్జల్లోనో నొప్పి లేని బిళ్ళలుగా మొదలవుతుంది. కొందరికి చర్మంలోనే మొదలవుతుంది. ఎర్రని మచ్చలు, దురద, పొట్టు కనిపిస్తే తామర అనుకొని ఏళ్ళ తరబడి ఏదో ఒక మందు పూస్తారు. ముక్క పరీక్ష చేస్తేనే సంగతి బయటపడుతుంది. ఈ రకాన్ని 1806లో అలిబెర్ అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించాడు. గడ్డలు పుట్టగొడుగుల్లా ఉన్నాయని పేరులో ఆ మాట చేరింది గాని, ఇది బూజు రోగం కాదు, అంటురోగం అసలే కాదు. గడ్డ పగిలితే పుండవుతుంది, రసి కారుతుంది. చచ్చిన కండలో గాలి అక్కరలేని సూక్ష్మజీవులు చేరి ఆ దుర్వాసన పుట్టిస్తాయి.

అంటే ఆ వాసన పాపానిది కాదు, శాపానిది కాదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు చేసిన పాపమని శిష్యులు అడిగితే ప్రభువు ఆ లెక్కనే కొట్టివేశారు గదా. అయినా మన ఊళ్ళలో ఆ లెక్క ఇంకా వేస్తూనే ఉన్నారు.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక ఇంటికి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వడానికి వెళ్ళాను. మంచం లోపల లేదు, గొడ్ల కొట్టం పక్కన వసారాలో వేశారు. ఆయనకు చంక కింద పెద్ద పుండు. దగ్గరకు పోయేది భార్య ఒక్కతే. ఆ సంస్కారంలో గురువు రోగి తలమీద మౌనంగా చేతులు ఉంచాలి. నేను వేలికొనలు ఆనించి తీసేశాను. జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకొని ప్రార్థనలు గబగబా ముగించాను. ఆయన కళ్ళు తెరిచి, "కాస్త దూరంగా నిలబడే చెప్పండి ఫాదర్ గారూ, నాకు వినిపిస్తుంది" అన్నాడు.

స్పర్శ మిగతా ఇంద్రియాలన్నిటికీ పునాది అని పునీత తోమాసు అక్వినాసు బోధించారని సెమినరీలో తత్వశాస్త్ర పరీక్షకు రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. ఆ రెండు పేజీలు ఆ వసారాలో నాకు అక్కరకు రాలేదు.

మరుసటి వారం నర్సుగా పనిచేసే ఒక సిస్టరు గారు ఆ ఇంటికి వెళ్ళి భార్యకు పని నేర్పారు. నేనూ పక్కనే నిలబడి నేర్చుకున్నాను. కట్టు మార్చే అరగంట ముందు డాక్టరు రాసిన నొప్పి మాత్ర ఇవ్వాలి. చేతులు సబ్బుతో కడుక్కొని తొడుగులు వేసుకోవాలి. అంటిన కట్టును లాగకూడదు. అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో టీ చెంచాడు ఉప్పు కలిపి, ఆ నీళ్ళతో నాననిస్తే దానంతట అదే వదులుతుంది. పుండును రుద్దకుండా అదే నీళ్ళు పోసి కడగాలి. వాజలీను పట్టించిన శుభ్రమైన గాజుగుడ్డ ముందు పరిచి, దానిమీద రసి పీల్చే మందపాటి కట్టు వేయాలి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి కూడా పలుచగా వాజలీను రాయాలి, లేకపోతే రసి తగిలి అదీ ఒరుస్తుంది. జిగట విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ మందునే డాక్టర్లు ఈ వాసనకూ వాడిస్తారు. మాత్ర పొడి చేసి చల్లడమో, జెల్ పూయడమో వారు చెబుతారు. రక్తం కారితే తడిపిన శుభ్రమైన గుడ్డతో పది పదిహేను నిమిషాలు ఎత్తి చూడకుండా అదిమిపట్టాలి. ఆగకపోయినా, జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కీమో మందులు ఎక్కుతున్నవారి విషయంలో ఒక్క పూట కూడా ఆగవద్దు.

పసుపు, బూడిద, ఆకు పసరు పుండుమీద వేయవద్దు. ఇంకో మాట కూడా నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు. పుణ్యక్షేత్రం నుండి భక్తితో తెచ్చిన నీళ్ళూ నూనే కూడా పుండులో పోయవద్దు. నుదుట రాసి ప్రార్థన చేయండి, చాలు. హిజ్కియా రాజు మరణపడక మీద ఏడ్చి ప్రార్థించినప్పుడు దేవుడు ఆ మొర ఆలకించాడు. అయినా యెషయా ప్రవక్త అత్తిపండ్ల ముద్ద తెచ్చి పుండుమీద కట్టమన్నాడు. ప్రార్థన చేశాం కదా, కట్టెందుకు అని అక్కడ ఎవరూ అనలేదు. విశ్వాసముంటే మందులు మానేయమనే ప్రసంగీకులు ఆ అధ్యాయం ఎందుకు చదవరో నాకు తెలియదు. చర్మపు లింఫోమా గడ్డలు రేడియేషనుకు బాగా లొంగుతాయి. ఆ చికిత్స మానుకొని ఇంట్లో కూర్చోవడం విశ్వాసం కాదు.

నాలుగైదు రోజుల్లో వాసన బాగా తగ్గింది. పుండు మాత్రం మానలేదు. ఆయన ఆ పుండుతోనే కన్నుమూశాడు. కాని చివరి నెలలో మంచం వసారా నుండి లోపలి గదిలోకి వచ్చింది, మనవళ్ళ గోల మధ్యకు. నేను మళ్ళీ వెళ్ళినప్పుడు రెండు అరచేతులూ ఆయన తలమీద ఉంచాను. ఈసారి ఆయన ఏమీ అనలేదు.

గుణదల మాత తిరునాళ్ళు జరిగే ఫిబ్రవరి 11నే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా పాటించాలని రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1992లో నిర్ణయించారు. ఆనాడు కొండెక్కే మీలో ఎందరి ఇళ్ళలోనో ఇటువంటి మంచం ఉండవచ్చు. ఉంటే దాచుకోకండి, మీ విచారణ గురువుకు చెప్పండి. మా గుడిలో పూజవస్త్రాలుంచే బీరువా కింది అరలో తొడుగులు, గాజుగుడ్డ, వాజలీను డబ్బాలు పెట్టించాను. తాళంచెవి ఉపదేశి గారి దగ్గర ఉంటుంది. ఎవరికోసమని ఆయన అడగరు.